ఆ ఐదుగురి గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం క్రీడా పేజీలో కొలరాడో విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2024లో 9 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 2025 సీజన్‌లో పన్నెండింట మూడే గెలిచిందనీ, బంతి విసిరే షెడ్యూర్ శాండర్స్, దాన్ని అందుకునే ట్రావిస్ హంటర్ ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లిపోవడం ఒక కారణమైతే, కోచ్ డియాన్ శాండర్స్ క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ చేయించుకుని నీరసంగా ఉండటం రెండో కారణమనీ మీ విలేఖరి రాశారు. కాదనను. ఆ మనిషి అంత జబ్బు నుంచి లేచి వచ్చి మైదానం అంచున నిలబడటం చూసి దణ్ణం పెట్టుకున్నదాన్ని నేను. కానీ అంత పెద్ద వ్యాసంలో ఆఫెన్సివ్ లైన్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. కొలరాడో కథ మొదలైందీ అక్కడే, పాడైందీ అక్కడే. బాగుపడితే అక్కడి నుంచే బాగుపడాలి. మన తెలుగు పాఠకులకి ఆ సంగతి చెప్పకుండా ఈ ఆట గురించి రాస్తే సగం కథే చెప్పినట్టు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఆడపిల్లలకి కబడ్డీ నేర్పాను. ఇప్పుడు కొలరాడోలో బ్రూమ్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బౌల్డర్ ఇక్కడికి దగ్గరే. మా మనవడు హైస్కూల్ జట్టులో గార్డ్ ఆడతాడు, అంటే ఆఫెన్సివ్ లైన్‌లో ఒకడు. వాడి వల్లే నేను ఈ ఆటని బంతి దగ్గర కాక, బంతికి ముందు చూడటం మొదలుపెట్టాను.

ఈ ఆట తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. బంతి ఉన్న జట్టులో మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్లకి అవతల ఇద్దరు టాకిల్స్. ఈ ఐదుగురినీ కలిపి ఆఫెన్సివ్ లైన్ అంటారు. పెద్ద కళాశాల జట్లలో ఒక్కొక్కరు 300 పౌండ్లు, అంటే 136 కిలోలకి అటూ ఇటూగా ఉంటారు. మామూలుగా వీళ్లు బంతిని అందుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. సెంటర్ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు, అంతటితో బంతితో వీళ్ల సంబంధం తీరిపోయింది. అక్కడి నుంచి వీళ్ల పనల్లా ఎదుటివాళ్లని, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకి రానివ్వకపోవడం, పరిగెత్తేవాడికి దారి తెరవడం. క్వార్టర్‌బ్యాక్‌కి బంతి విసరడానికి రెండున్నర, మూడు సెకన్లు దొరికితే గొప్ప. ఆ మూడు సెకన్లూ ఈ ఐదుగురు ఇచ్చేవే. వీళ్లు దాటనిస్తే క్వార్టర్‌బ్యాక్ బంతితో సహా నేలకూలుతాడు. దాన్ని శాక్ అంటారు.

బయటి నుంచి చూస్తే ఒకరినొకరు తోసుకోవడంలా కనిపిస్తుంది కానీ చాలా తెలివైన పని అది. బంతి కదలకముందే సెంటర్ ఎదుటివాళ్ల అమరిక చూసి, ఎవరు మీదకి రావచ్చో అంచనా వేసి, వేలు చూపించి అరిచి చెబుతాడు. దాన్ని బట్టి మిగతా నలుగురూ ఎవరు ఎవర్ని పట్టుకోవాలో ఆ క్షణంలో మార్చుకుంటారు. ఎదుటివాళ్లు ఊరికే తిన్నగా రారు. ఇద్దరు అడ్డంగా దాటుకుంటూ వస్తారు, నీ ముందున్నవాడు పక్కవాడి ముందుకి పోయి, పక్కవాడి ముందున్నవాడు నీ మీదకి వస్తాడు. అప్పుడు నీ మనిషిని పక్కవాడికి అప్పగించి, వాడి మనిషిని నువ్వు అందుకోవాలి. మాట్లాడుకునే టైమ్ ఉండదు. భుజం తగిలే తీరును బట్టే తెలిసిపోవాలి.

కబడ్డీ ఆడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రైడర్ కూతకి వచ్చినప్పుడు కార్నర్, పక్కనున్న కవర్ చేయి చేయి పట్టుకుని చైన్ కడతారు. కార్నర్ అడుగు వేసిన క్షణంలోనే కవర్ అడుగు పడాలి. సగం అడుగు ఆలస్యమైతే రైడర్ ఆ సందులోంచి గీత తాకేస్తాడు. మా రోజుల్లో విశ్వవిద్యాలయం జట్టుకి సెలక్షన్లు పెట్టి కళాశాలకొకర్ని చొప్పున మంచి మంచి పిల్లల్ని ఏరేవారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కరూ ఆణిముత్యమే. ఆ జట్టుకీ, ఏళ్లతరబడి కలిసి ఆడుతున్న ఒకే కళాశాల జట్టుకీ ప్రాక్టీసు మ్యాచ్ పెడితే కళాశాల పిల్లలే గెలవడం నా కళ్లతో నేను చూశాను. ఆ పిల్లల చేతులకి ఒకరి పట్టు ఒకరికి తెలుసు.

ఇక కొలరాడోకి వస్తాను. 2022లో ఈ జట్టు పన్నెండు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. ఆ డిసెంబరులో డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చారు. వస్తూనే పాతవాళ్లని చాలామందిని సాగనంపి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వేరే విశ్వవిద్యాలయాల నుంచి కొత్తవాళ్లని తెచ్చుకున్నారు. 2023 సెప్టెంబరులో మొదటి మ్యాచ్‌లోనే, అంతకుముందు ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన టీసీయూని (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) 45-42తో ఓడించారు. షెడ్యూర్ ఆ రోజు 510 గజాలు విసిరాడు. మూడు మ్యాచ్‌లు వరసగా గెలిచేసరికి ఇక్కడ జట్టు సొంత మైదానం ఫోల్సమ్ ఫీల్డ్ టికెట్ దొరకడమే గగనమైపోయింది. మన తెలుగు పిల్లలు కూడా డియాన్ లాగా నల్లద్దాలు పెట్టుకుని, జట్టు జెర్సీలు వేసుకుని తిరిగారు.

నాలుగో మ్యాచ్‌లో ఓరెగన్ 42-6తో చితక్కొట్టింది. ఆ తర్వాత ఆ సీజన్‌లో గెలిచింది ఒక్కటంటే ఒక్కటే, చివరికి 4-8తో, అంటే నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములతో ముగించారు. షెడ్యూర్ ఆడిన 11 మ్యాచ్‌ల్లో 52 సార్లు శాక్ అయ్యాడు. ఈ అంకెని కొంచెం ఆగి చూడండి. మ్యాచ్‌కి దాదాపు ఐదు సార్లు, అంత బరువున్న మనుషులు ఆ పిల్లాడి మీద పడ్డారు. చివరికి వెన్నులో ఎముక చిట్లి, యూటాతో ఆఖరి మ్యాచ్ ఆడలేకపోయాడు. అన్ని దెబ్బలు తిన్నవాడు 27 టచ్‌డౌన్‌లు (బంతి ఆఖరి గీత దాటితే వచ్చే ఆరేసి పాయింట్లు) విసిరి, ఎదుటివాళ్ల చేతికి మూడే మూడు బంతులు పోనిచ్చాడంటే వాడి గుండె ధైర్యం ఏపాటిదో ఊహించుకోండి.

అందరికీ గుర్తున్నది ఆ అక్టోబరులో స్టాన్‌ఫోర్డ్‌తో ఓడిన మ్యాచ్. సగం ఆటకి 29-0తో ముందుండి, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 46-43తో ఓడిపోయారు. డిఫెన్స్ చేతులెత్తేసిందని అందరూ తిట్టారు. నేను మాత్రం లైన్‌ని చూశాను. 29 పాయింట్లు ముందున్న జట్టు చేయాల్సింది ఒక్కటే, బంతిని పట్టుకుని పరిగెత్తడం. పరిగెత్తినవాడు మైదానం లోపలే పడితే గడియారం ఆగదు. నాలుగు నాలుగు గజాలు గుంజుకుంటూ పోతే ఎదుటివాడి చేతికి బంతే రాదు. కొలరాడో అది చేయలేకపోయింది, ఎందుకంటే ఆ ఏడాది పరుగుతో మ్యాచ్‌కి సగటున 70 గజాలు కూడా రాలేదు. 2023లోనే కాదు, 9 గెలిచిన 2024లోనూ పరుగు ఆటలో ఈ జట్టుది దేశంలో అట్టడుగు స్థానం. ముందు దారి తెరిచేవాళ్లు లేకపోతే ఎంతటి పరుగుగాడైనా గోడకి గుద్దుకున్నట్టే.

అదే నెల 28న యూసీఎల్‌ఏ చేతిలో 28-16తో ఓడిన తర్వాత విలేఖరులు లైన్ సంగతి అడిగితే కోచ్ గారు, కొత్త లైన్‌మన్లని తెచ్చుకోవడమే దీనికి మార్గమన్నట్టు అందరి ముందూ చెప్పారు. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఆడాల్సిన పిల్లలు వాళ్లు. పిల్లల్ని మార్చాలని మనసులో అనుకోవడం వేరు, మైకు ముందు అనడం వేరు. ఆ మాట విన్న పిల్లాడు మర్నాడు ప్రాక్టీసులో పక్కవాడి కోసం ఒళ్లు వంచుతాడా? అదీగాక ఆ మాటలో ఒక ఆలోచన దాగి ఉంది: లైన్ అంటే బజారులో కొనుక్కొచ్చి బిగించుకునే సరుకని. కొలరాడో అప్పటి నుంచీ ఆ దారిలోనే నడిచింది.

2024కి కొత్తవాళ్లు వచ్చారు. యూటెప్ నుంచి, హ్యూస్టన్ నుంచి, ఇండియానా నుంచి, కనెటికట్ నుంచి తలా ఒక పిల్లాడు. అందరిలోకీ విలువైనవాడు జోర్డన్ సీటన్. ఫ్లోరిడాలో ఐఎమ్‌జీ అకాడమీలో చదివిన కుర్రాడు, దేశంలో పేరుమోసిన హైస్కూల్ టాకిల్. ఎన్నో పెద్ద జట్లని కాదని, 2023 డిసెంబరులో ఒక టీవీ కార్యక్రమంలో కొలరాడోకి వస్తున్నానని ప్రకటించాడు. మొదటి ఏడే లెఫ్ట్ టాకిల్ ఆడాడు. క్వార్టర్‌బ్యాక్ కుడిచేతి వాటమైతే అతనికి కనపడని వైపు కాపలా కాసే చోటు అది, పద్దెనిమిదేళ్ల పిల్లాడికి మామూలు బాధ్యత కాదు. ఫిల్ లోడ్‌హోల్ట్‌ని లైన్ కోచ్‌గా తెచ్చారు. ఆయన కొలరాడోలోనే హైస్కూల్ చదివి, ఓక్లహామాకి ఆడి, తర్వాత ప్రొఫెషనల్ జట్టు మిన్నెసోటా వైకింగ్స్‌కి రైట్ టాకిల్ ఆడినవారు. మంచి ఎంపిక.

ఆ ఏడాది 9 గెలిచారు, హంటర్‌కి దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది. ఊరంతా పండగ. లైన్ బాగుపడిందని అందరూ అన్నారు. కొంచెం బాగుపడింది, నిజమే. అయినా షెడ్యూర్ ఆ ఏడాది కూడా 40కి పైగా శాక్‌లు తిన్నాడు. జట్టుని నిలబెట్టింది అతని ఓర్పూ, హంటర్ చేతులూ. బలహీనత పోలేదు, ఆ ఇద్దరి వెనక కనపడకుండా ఉంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. లోడ్‌హోల్ట్ ఒక్క సీజన్ చేసి మిసిసిపీ స్టేట్‌కి వెళ్లిపోయారు. 2023లో లైన్‌కి నేర్పింది ఒకరు, 2024లో ఇంకొకరు, 2025లో మళ్లీ వేరేవారు. మూడేళ్లలో ముగ్గురు గురువులు. చేతులు ఎక్కడ పెట్టాలో, మొదటి అడుగు ఎటు వేయాలో ఒక్కో కోచ్ ఒక్కో రకంగా నేర్పుతారు. ఏ మాటకి ఏ అర్థమో కూడా మారిపోతుంది. ఒకరి పద్ధతి ఒంటికి పట్టేలోగా ఇంకొకరు వచ్చి అది మర్చిపొమ్మంటే, ఆ పిల్లాడు మైదానంలో ఆలోచిస్తూ నిలబడతాడు. మూడు సెకన్ల ఆటలో ఆలోచించేంత సేపు ఎక్కడుంటుంది?

2025లో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లని మార్చి మార్చి ఆడించారు. పాపం ఆ ముగ్గురినీ ఇక్కడి జనం తిట్టని రోజు లేదు. మీ వ్యాసం కూడా వాళ్లలో షెడ్యూర్ లాంటివాడు లేడని రాసింది. అక్టోబరు చివర్లో యూటా వాళ్ల ఊళ్లో జరిగిన మ్యాచ్ దొరికితే చూడండి. సగం ఆటకే 43-0. చివరికి 53-7. ఆ రోజు మా ఇంట్లో అందరూ టీవీ ముందు నుంచి లేచిపోయినా మా మనవడూ నేనూ ఆఖరి దాకా చూశాం. వాడు చూసింది కొలరాడో లైన్‌ని కాదు, యూటా లైన్‌ని. అటు స్పెన్సర్ ఫానో, ఇటు కేలెబ్ లోము, ఇద్దరూ హైస్కూల్ నుంచి నేరుగా యూటాకి వచ్చి అక్కడే పెరిగినవాళ్లు. వాళ్లకి నేర్పిన జిమ్ హార్డింగ్ 2014 నుంచి ఆ సీజన్ దాకా అదే చోట ఉన్నారు. బంతి కదలగానే ఐదుగురూ ఒక్కసారిగా, ఒకే కోణంలో కదులుతున్నారు. మా వాడు రిమోట్‌తో వెనక్కి తిప్పి తిప్పి ఆ అడుగులు నాకు చూపించాడు. ఇదే లీగ్‌లో, పక్క రాష్ట్రంలో, కొలరాడో కంటే డబ్బున్న జట్టేమీ కాదది.

పోర్టల్ నుంచి తెచ్చుకోవడమే తప్పని నేను అనను. ఇండియానాని చూడండి. 2023లో 3-9. 2024లో 11-2. 2025 డిసెంబరు 6న ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించి లీగ్ ఛాంపియన్లయ్యారు. కర్ట్ సిగ్నెట్టీ అక్కడికి ప్రధాన కోచ్‌గా వచ్చినప్పుడు తన వెంట చాలామంది కోచ్‌లని తెచ్చుకున్నా, లైన్‌కి మాత్రం అప్పటికే అక్కడున్న బాబ్ బోస్టాడ్‌ని అలాగే ఉంచుకున్నారు. ఓడిన జట్టు కోచ్ కదా అని పంపించెయ్యలేదు. లెఫ్ట్ టాకిల్ కార్టర్ స్మిత్ అంతకుముందు నుంచే అక్కడున్న కుర్రాడు. అలా కొంతమందిని కదపకుండా ఉంచి, లోటున్న చోటికి నోటర్ డామ్‌లో ఆటలో పండిన ప్యాట్ కూగన్‌ని సెంటర్‌గా తెచ్చుకున్నారు. నా మాటకి ఇంకో రుజువు కూడా ఉంది. 2024లో ఇండియానా నుంచి కొలరాడోకి వచ్చి ఆడిన ఖలీల్ బెన్సన్, 2025లో తిరిగి ఇండియానాకే వెళ్లిపోయాడు. అక్కడ అదే బోస్టాడ్, అదే పద్ధతి, పాత స్నేహితులు. అదే మనిషి రెండు చోట్లా ఆడాడు, ఒక చోట లైన్ నిలబడింది, ఇంకో చోట నిలబడలేదు.

కొలరాడోకి ఇదేమీ తెలియని విద్య కాదు. 1990లో ఈ విశ్వవిద్యాలయం జాతీయ ఛాంపియన్. ఎరిక్ బియెనెమీ ఆ ఏడాది 1,628 గజాలు పరిగెత్తాడని అందరూ చెప్పుకుంటారు. అతని ముందు దారి తీసిన గార్డ్ జో గార్టెన్ పేరు ఎంతమందికి తెలుసు? 1994లో రషాన్ సలామ్ 2,055 గజాలు పరిగెత్తి హైస్మన్ గెలిచాడు. ఆ 2,055 గజాలూ అతను ఒక్కడే పరిగెత్తలేదు. 2001లో అజేయంగా వచ్చిన నెబ్రాస్కాని బౌల్డర్‌లో 62-36తో ఓడించినప్పుడు క్రిస్ బ్రౌన్ ఆరు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ లైన్‌లో ఆండ్రే గురోడ్ ఉన్నాడు.

నాకు అందరికంటే నచ్చే కథ నేట్ సోల్డర్‌ది. కొలరాడో కొండల్లో బ్యూనా విస్టా అని చిన్న ఊరు. అక్కడి నుంచి పొడుగ్గా, సన్నగా ఒక కుర్రాడు టైట్ ఎండ్‌గా, అంటే లైన్ పక్కన నిలబడి బంతి కూడా అందుకునేవాడిగా బౌల్డర్‌కి వచ్చాడు. కోచ్‌లు అతన్ని కూర్చోబెట్టి, తినిపించి, బరువులు ఎత్తించి, టాకిల్‌గా మార్చారు. 2010 నాటికి దేశంలో అత్యుత్తమ టాకిల్స్‌లో ఒకడయ్యాడు. 2011లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కళాశాల ఆటగాళ్లని వరసగా ఎంచుకునేచోట, 17వ ఆటగాడిగా తీసుకున్నారు, తర్వాత ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన జట్లలో ఆడాడు. హైస్కూల్ ఆటగాళ్లకి వేసే రేటింగ్‌లో ఆ కుర్రాడికి ఎవరూ మొదట్లో ఐదు నక్షత్రాలు ఇవ్వలేదు. వాడిలో ఏముందో చూసి, వేచి ఉండే ఓపిక కోచ్‌లకి ఉంది.

పక్కనే నెబ్రాస్కా చరిత్ర ఉంది. మిల్ట్ టెనొపిర్ అక్కడ 1974 నుంచి 2002 వరకూ లైన్‌కి నేర్పారు. ఆ లైన్‌కి పైప్‌లైన్ అని పేరు. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో వచ్చిన పల్లెటూరి రైతుల పిల్లలు కూడా మూడేళ్లు, నాలుగేళ్లు వరసలో నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు ఆడేవారు. 1994, 1995, 1997లో జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఆ వరసలోంచే వచ్చాయి. ఇప్పుడు కాలం మారింది, నిజమే. ఆటగాళ్లకి విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చని 2025లో ఒప్పుకున్నారు, ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని ఆటలకీ కలిపి 2025-26లో 20.5 మిలియన్ డాలర్ల పరిమితి పెట్టారు. ఏడాదికోసారి ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లిపోవచ్చు. ఇలాంటప్పుడు నాలుగేళ్లు ఎవరు ఆగుతారని అడుగుతారు. అందరూ ఆగరు. కానీ ఆ డబ్బులో లైన్‌కి ఎంత పోతోంది, బంతి పట్టుకునేవాళ్లకి ఎంత పోతోంది అన్నది ఎవరైనా అడిగారా? హైస్కూల్ నుంచి ఏటా నలుగురైదుగురు లైన్‌మన్లని తీసుకుని, వాళ్లలో ఇద్దరు నిలబడినా మూడేళ్లలో ఒక లైన్ తయారవుతుంది. పద్దెనిమిదేళ్ల ఒళ్లు 300 పౌండ్లు మోస్తూ వేగంగా కదలాలంటే రెండేళ్లు బరువుల గదిలో చెమట కార్చాల్సిందే, దానికి దగ్గరి దారి ఏదీ లేదు. సీటన్ లాంటివాణ్ణి నిలబెట్టుకోవాలి. అలాంటివాడి పక్కన రెండేళ్లపాటు అదే గార్డ్‌ని ఆడించాలి. లైన్ కోచ్‌ని ఎవరు వచ్చి అడిగినా వదులుకోకూడదు.

ఇంకొక్క మాట, ఇది ఇక్కడ ఉండేవాళ్లకే తట్టేది. బౌల్డర్ సముద్రమట్టానికి అయిదు వేల అడుగులకి పైన ఉంది. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో రెండు అంతస్తులు ఎక్కితే నాకు ఆయాసం వచ్చేది. బయటి జట్ల భారీ మనుషులకి నాలుగో క్వార్టర్‌లో ఇక్కడ ఊపిరి అందదు. వాళ్లని వరసగా పరుగు ఆటలతో తోస్తూ పోతే ఆఖరి పదిహేను నిమిషాలు మనవే. దేవుడిచ్చిన ఆ కొండని వాడుకునే జట్టు పరుగు ఆట ఆడాలి. పాత కోచ్ బిల్ మెకార్ట్నీ గారు అదే చేశారు.

డెన్వర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకీ ఒక మాట చెప్పాలని ఉంది, అందుకే మీ పత్రికకి రాస్తున్నాను. మా మనవడు ఒళ్లు చేసిన పిల్లాడు. పెళ్లిళ్లలో, పూజల్లో వాణ్ణి చూసి "ఏంట్రా ఇలా లావైపోయావ్, వాకింగ్ చేయొచ్చు కదా" అనని వాళ్లు లేరు. వాడు తల దించుకునేవాడు. హైస్కూల్ కోచ్ ఒకాయన వాణ్ణి లైన్‌లోకి పిలిచిన తర్వాత పిల్లాడి నడకే మారిపోయింది. మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం లైన్‌మన్లందరూ ఒకరింట్లో భోజనం చేస్తారు. మా వంతు వచ్చినప్పుడు కోడి పలావు, పెరుగు పచ్చడి చేశాను. అందరూ రెండేసి సార్లు వడ్డించుకుని తిని, గిన్నెలు వాళ్లే కడిగి పెట్టారు. ఒకడు మెక్సికన్, ఒకడు సమోవా దీవుల కుటుంబం, ఒకడు ఇక్కడి తెల్ల పిల్లాడు, ఒకడు నల్ల పిల్లాడు, ఒకడు మావాడు. తింటున్నంత సేపూ వాళ్లు మాట్లాడుకున్నది మర్నాడు ఎదుటివాళ్లు దాటుకుంటూ వస్తే ఎవరు ఎవర్ని అందుకోవాలన్నదే. మోకాళ్లకీ తలకీ దెబ్బల భయం నాకూ ఉంది, మా అమ్మాయికీ ఉంది. ప్రతి మ్యాచ్‌లోనూ వాడు లేచి నిలబడేదాకా గుండె చిక్కబట్టుకునే ఉంటాం. ఆ భయం సంగతి కూడా రాయాలి, దాచకూడదు. కానీ ఒళ్లున్న తెలుగు పిల్లాడికి కూడా ఒక ఆట, ఒక జట్టు, ఒక గౌరవం ఉందని మన పత్రికలో చదివితే, ఎక్కడో టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంకో తల్లి తన కొడుకుని వేరే కళ్లతో చూస్తుంది.

కాబట్టి సంపాదకులు గారికి నా విన్నపం. ఏప్రిల్‌లో కొలరాడో వసంతకాలపు ప్రాక్టీసు మ్యాచ్ జరిగినప్పుడు మీ ఇక్కడి విలేఖరిని పంపించండి. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎలా విసురుతున్నాడో అందరూ రాస్తారు. మీరు ఎడమ టాకిల్ నుంచి కుడి టాకిల్ దాకా నిలబడ్డ ఐదుగురి పేర్లు, ఎవరు ఏ ఊరు నుంచి వచ్చారు, ఎన్నాళ్లుగా ఇక్కడ ఉన్నారు, లైన్ కోచ్ ఎవరు, నిరుటి కోచేనా మళ్లీ మారారా అన్నది రాయండి. సెప్టెంబరులో సీజన్ మొదలయ్యాక ఆ ఐదుగురిలో ఎందరు అదే చోట ఆడుతున్నారో ఇంకోసారి రాయండి. జాగా తక్కువైతే డియాన్ గారి ఫోటో కొంచెం చిన్నది చేసైనా ఈ ఐదు పేర్లు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
బ్రూమ్‌ఫీల్డ్, కొలరాడో